షెల్లీ గురించి కబుర్లు

ఇంగ్లీషు సాహిత్యమనే చదువు ఇంగ్లండులో పుట్టి, ఆక్స్‌ఫర్డ్ కేంబ్రిడ్జి రాతిమేడల్లో తరతరాలుగా ముగ్గి, ఆ తర్వాత మాంచెస్టరు మల్లుగుడ్డలాగా ఓడెక్కి మన దేశంలో దిగిందని చాలామంది అభిప్రాయం. గుడ్డ సంగతి నిజమే. చదువు సంగతి మాత్రం దాదాపు తలకిందులు. కలకత్తాలో బెంగాలీ కుర్రాళ్ళు షేక్స్‌పియర్ నాటకాలు వరసపెట్టి చదివి, వాటిమీద పరీక్షలు రాస్తున్న రోజుల్లో, ఆ మహానుభావుడు పుట్టిన ఊరికి నలభై మైళ్ళ దూరంలో ఉన్న ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన్ని చదివి డిగ్రీ పుచ్చుకునే వీలు లేదు. ఆ వీలు రావడానికి మరో అరవై ఏళ్ళు పట్టింది.

కారణం చాలా మామూలుది. అక్కడ పెద్దమనిషి చదువంటే గ్రీకూ, లాటినూ. ఇంగ్లీషు పద్యాలూ నవలలూ ఇంట్లో కూర్చుని చదువుకునేవి. భోజనమయ్యాక వేసుకునే తాంబూలం లాంటివన్నమాట. తాంబూలానికి ఎవరైనా పరీక్ష పెడతారా? ఆక్స్‌ఫర్డ్‌లో 'పొయిట్రీ ప్రొఫెసరు' అని ఒకాయన 1708 నుంచీ ఉంటూనే వచ్చాడు. కాని ఆయన ఉపన్యాసం లాటిన్‌లో ఇవ్వాలి! 1857లో మాథ్యూ ఆర్నాల్డ్ వచ్చి, ఇంగ్లీషులో మాట్లాడతానని కూర్చునేదాకా అదే ఆనవాయితీ. ఆ 1857లోనే మన దగ్గర కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలు మూడూ పుట్టాయి. అప్పటికే మన కుర్రాళ్ళకి మిల్టను కంఠతా వచ్చు.

మరి ఇంగ్లీషు సాహిత్యాన్ని చదువుగా ముందు ఎవరికి పెట్టారయ్యా అంటే, అసలు చదువు దొరకని వాళ్ళకి. ముందు స్కాట్లండు వాళ్ళకి. ఎడింబరో యూనివర్సిటీలో 1762లోనే హ్యూ బ్లెయిర్ అనే మతాచార్యుడు ఇంగ్లీషు రచనలు తీసుకుని, మంచి వాక్యమంటే ఏమిటి, మంచి శైలి అంటే ఏమిటి అని పాఠాలు చెప్పేవాడు. లండను దొరలముందు తమ యాస దొర్లుతుందేమోనని స్కాట్లండు పిల్లల భయం. ఆ తర్వాత, ఇంగ్లండు చర్చిలో చేరనందుకు ఆక్స్‌ఫర్డ్ కేంబ్రిడ్జిల్లో డిగ్రీ దక్కనివాళ్ళకి. వాళ్ళకోసం లండన్‌లో పెట్టిన కొత్త యూనివర్సిటీ 1828లో థామస్ డేల్ అనే ఆయన్ని ఇంగ్లీషు ప్రొఫెసరుగా వేసుకుంది. ఆ తర్వాత ఆడపిల్లలకి. పెద్దింటి పిల్లలకి చదువు చెప్పి పొట్టపోసుకునే పేద అమ్మాయిలుండేవారు గదా, గవర్నెస్‌లని, వాళ్ళ కోసం 1848లో లండన్‌లో క్వీన్స్ కాలేజీ పెట్టారు. పెట్టిన ఎఫ్.డి. మారిస్ స్వయంగా ఇంగ్లీషు సాహిత్యం ప్రొఫెసరు. గ్రీకు ఆడవాళ్ళ బుర్రకి ఎక్కదు, ఇది ఎక్కుతుందని అప్పటి పెద్దల ఉద్దేశం. వీళ్ళందరితో పాటు మనమూ ఆ పంక్తిలోనే కూర్చున్నాం. కాకపోతే మన విస్తరిలో కాస్త ఎక్కువగా వడ్డించారు.

ఎందుకు వడ్డించారో చెప్పుకోవాలి. 1813లో కంపెనీ పట్టా తిరగరాసినప్పుడు, ఏటా లక్ష రూపాయలు ఈ దేశపు చదువులకోసం ఖర్చు చెయ్యాలని పార్లమెంటు షరతు పెట్టింది. ఏ చదువుకని ఇరవై ఏళ్ళపాటు వాదించుకున్నారు. ఈలోగా కలకత్తా పెద్దమనుషులు చందాలు వేసుకుని 1817లో హిందూ కాలేజీ పెట్టేసుకున్నారు. మెకాలే తన ప్రసిద్ధమైన నివేదిక రాసింది 1835లో. మనమంతా ఇప్పటికీ మెకాలేని తిట్టిపోస్తాం గాని, ఆయన ఓడ దిగేసరికే కలకత్తాలో ఇంగ్లీషు కావ్యాల క్లాసు జోరుగా నడుస్తోంది.

గౌరీ విశ్వనాథన్ అనే ఆవిడ 1989లో ఈ చరిత్ర మీదే ఒక పుస్తకం రాసింది. ఆవిడ చెప్పే సంగతి నాకు భలే పదునుగా తోస్తుంది. కంపెనీవారికి మన మతాల జోలికి పోవాలంటే భయం. వ్యాపారం చెడుతుంది, గొడవలొస్తాయి. కాబట్టి ప్రభుత్వ కాలేజీలో బైబిలు చెప్పడానికి లేదు. కాని తమ నీతీ, తమ మర్యాదా, తమ గొప్పతనమూ ఈ జనానికి ఎక్కాలి. దానికి దొడ్డిదారి సాహిత్యం. మిల్టనునీ బేకన్‌నీ చదివితే బైబిలు చదవక్కర్లేకుండానే ఆ వాసన పట్టుకుంటుందని లెక్క. పథకం బాగానే ఉంది. కాని పుస్తకానికో గుణం ఉంది. పెట్టినవాడి మాట వినదు.

హిందూ కాలేజీలో డెరోజియో అని ఒక కుర్ర మేష్టరు చేరాడు, 1826లో. పదిహేడేళ్ళవాడు. ఇంగ్లీషు సాహిత్యమూ, చరిత్రా చెప్పేవాడు. అతని శిష్యులు ప్రతిదాన్నీ ఎందుకని అడగడం మొదలెట్టారు. దేవుణ్ణి ఎందుకు మొక్కాలి, కులమెందుకు, ఆడపిల్లకి చదువెందుకు లేదు? ఇళ్ళల్లో గొడవలు, కాలేజీ కమిటీలో గొడవలు. 1831లో అతన్ని పంపించేశారు. ఆ డిసెంబరులోనే కలరా వచ్చి పోయాడు పాపం, ఇరవై రెండేళ్ళకి. తర్వాత వచ్చిన రిచర్డ్‌సన్ దొర అలాంటి చిక్కులు తెచ్చేవాడు కాదు గాని, షేక్స్‌పియర్ చదివితే గది గదంతా కదిలేదట. బ్రిటిషు కవుల పద్యాలన్నీ ఏరి ఈ పిల్లలకోసమని 1840లో పెద్ద సంకలనం వేశాడు.

ఆయన క్లాసులో ఒక శిష్యుడున్నాడు. మైకేల్ మధుసూదన దత్తు. ఈయన కథ కొంచెం తీరిగ్గా చెప్పాలి. ఎందుకంటే ఇందులో ఏడెనిమిదేళ్ళు మన మద్రాసులో జరిగింది.

పెద్ద లాయరు కొడుకు. ఇంగ్లీషు కవి అయి తీరాలి, ఇంగ్లండు వెళ్ళి తీరాలి. ఇదొక్కటే ధ్యాస. కిరస్తానీ మతం పుచ్చుకున్నాడు, తండ్రితో చెడింది, 1848లో చేతిలో డబ్బు లేకుండా మద్రాసు చేరాడు. అక్కడ అనాథ పిల్లల బడిలో మేష్టరీ, పత్రికల్లో రాతకోతలు. అంటే ఈరోజు భాషలో చెప్పాలంటే ఇంగ్లీషు లిటరేచరు చదివి మీడియాలో పడ్డాడన్నమాట! 1849లో ఇంగ్లీషులో ఒక దీర్ఘకావ్యం అచ్చేశాడు, 'ది కాప్టివ్ లేడీ' అని. స్నేహితుడి ద్వారా ఒక ప్రతి కలకత్తాలో ఉన్న బెతూన్ దొరకి చేరింది. ఆయన చదువుల బోర్డుకి పెద్ద. ఆ కావ్యాన్ని మెచ్చుకుని బిరుదులిస్తాడేమో అనుకుంటే, నీ భాషలో రాయవయ్యా, అక్కడ నీకు పనుంది అని సలహా చెప్పి పంపించాడు. ఆ వయసులో ఆ మాట ఎంత గుచ్చుకుని ఉంటుందో! కాని మధుసూదనుడు అలిగి కూర్చోలేదు. మద్రాసులో ఉండగానే పొద్దుట ఒక భాషా, సాయంత్రం ఒక భాషా చొప్పున సంస్కృతం, తెలుగు, తమిళం, గ్రీకు, హీబ్రూ అన్నీ మీదేసుకు చదివాడు. తన రోజు ఎలా గడుస్తోందో ఒక ఉత్తరంలో గంటలతో సహా రాసుకున్నాడు. అందులో తెలుగు పేరు చూసి నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. 1856లో కలకత్తా తిరిగి వెళ్ళి, 1861లో 'మేఘనాదవధ' కావ్యం బెంగాలీలో రాశాడు. మిల్టను దగ్గర నేర్చిన అంత్యప్రాస లేని నడక, రావణుడి కొడుకు కథ. రిచర్డ్‌సన్ క్లాసులో వేసిన విత్తనం ఆ గట్టున మొలిచింది.

బెతూన్ దొర ఆ 1849లోనే మరో పని చేశాడు. కలకత్తాలో ఆడపిల్లల బడి పెట్టాడు. ఆ బడే పెరిగి బెతూన్ కాలేజీ అయింది. 1883లో అక్కణ్ణుంచి ఇద్దరు అమ్మాయిలు బి.ఏ. పాసయ్యారు, కాదంబినీ, చంద్రముఖీ బసు. కాదంబిని డాక్టరయింది. చంద్రముఖి 1884లో ఇంగ్లీషులో ఎం.ఏ. చేసింది. తర్వాత ఆ కాలేజీకే ప్రిన్సిపాలయింది. ఇప్పుడు లెక్క చూసుకోండి. ఆక్స్‌ఫర్డ్ ఆడవాళ్ళకి డిగ్రీ ఇచ్చింది 1920లో. కేంబ్రిడ్జి అయితే 1948 దాకా ఇవ్వలేదు. అక్కడ ఆడపిల్లలు క్లాసులో కూర్చోవచ్చు, పరీక్ష రాయవచ్చు, మగపిల్లలకంటే ఎక్కువ మార్కులూ తెచ్చుకోవచ్చు. పట్టా మాత్రం అడక్కూడదు. మనకి స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు వాళ్ళకి పట్టా వచ్చింది.

మన వైపూ చూద్దాం. కందుకూరి వీరేశలింగం గారు 1874లో 'వివేకవర్ధని' పత్రిక పెట్టారు. షేక్స్‌పియర్ 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'ని 'చమత్కార రత్నావళి' చేశారు. గోల్డ్‌స్మిత్ నవల చదివి, ఆ ఛాయలో 'రాజశేఖర చరిత్రము' రాసి, 1878లో తన పత్రికలోనే వరసగా వేశారు. ఇంగ్లీషు సాహిత్యం, పత్రిక, రచన మూడూ ఒకే మనిషి బల్లమీద. పైగా వారం వారం, నెల నెలా నవల భాగాలు రాసే నాబోటి వాళ్ళ వంశానికి మూలపురుషుడాయన. చిత్రమేమిటంటే ఆ నవల 1887లో లండన్‌లో ఇంగ్లీషులోకి తర్జుమా అయి అచ్చయింది. గోల్డ్‌స్మిత్ గారింటి సరుకు మన గోదావరిలో మునిగి, పంచె కట్టుకుని తిరిగి వెళ్ళింది. అన్నట్టు, ఈ చదువుకి మరో ముఖం కూడా ఉందని గురజాడ వారు ఊరుకోకుండా చూపించారు. విధవల మీద ఇంగ్లీషులో పద్యం అల్లి, చుట్ట వెలిగించి, వెంకటేశానికి గురువై కూర్చున్న గిరీశం ఎవరనుకున్నారు? ఇంగ్లీషు సాహిత్యం ఫలితమే!

ఇక ఇంగ్లండులో ఏం జరిగిందంటే, అక్కడి కుర్రాళ్ళు తమ సాహిత్యాన్ని తాము పరీక్షకోసం చదవడం మొదలెట్టింది చాలావరకు మన పుణ్యమే. 1855 నుంచి ఇండియాకి వచ్చే సివిల్ సర్వీసు ఉద్యోగాలకి పోటీ పరీక్ష పెట్టారు. దాని లెక్క వేసిన కమిటీకి పెద్ద మళ్ళీ మెకాలేనే. గ్రీకుకి 750 మార్కులు, లాటిన్‌కి 750. సంస్కృతానికి 375. ఇంగ్లీషుకి మాత్రం, వ్యాసరచనా, చరిత్రా, సాహిత్యమూ అన్నీ కలిపి, 1500! మన తాలూకాల్లో శిస్తు వసూలు చెయ్యబోయే దొరకి ఛాసర్ ఎప్పుడు పుట్టాడో తెలియాలన్నమాట. మార్కులున్నచోట ట్యూషను మేష్టర్లు పుడతారు. కోచింగు సెంటర్లు మన బెజవాడకే సొంతమని అనుకోవద్దు, ఆ రోజుల్లో లండన్‌లో ఈ పరీక్షకి రుబ్బించే ఇళ్ళు వెలిశాయి.

ఆక్స్‌ఫర్డ్ మాత్రం ఎంతకీ దిగిరాదే! 1885లో ఇంగ్లీషుకో ప్రొఫెసరు పదవి సృష్టించి, భాషాశాస్త్రం వాణ్ణి తెచ్చి అందులో కూర్చోబెట్టారు. రెండేళ్ళకి డిగ్రీ కోర్సు ప్రతిపాదన వచ్చింది. చరిత్ర ప్రొఫెసరు ఫ్రీమన్ మండిపడ్డాడు. షెల్లీ గురించి కబుర్లు చెప్పుకోవడానికి డిగ్రీ ఇస్తామా అని ఆయన వాదం. వ్యాకరణమో, పురాతన భాషో అయితే పరీక్ష పెట్టవచ్చు. ఎంత వచ్చో అంతకు మార్కులు వెయ్యవచ్చు. కవిత్వం బాగుందనడానికి ఏం మార్కు వేస్తావు? ఆయన గెలిచాడు కూడా. 1894లో చివరికి కోర్సు పెట్టినప్పుడు కూడా, వెయ్యేళ్ళ నాటి పాత ఇంగ్లీషునీ ధాతువులనీ బాగా దట్టించి మరీ పెట్టారు. చేదు లేనిదే మందు కాదని మనవాళ్ళు అనుకోరూ, అలాగ.

ఈ ఫ్రీమన్ మాట చదివినప్పుడు నాకు నవ్వాగలేదు. మొన్నామధ్య మా అన్నయ్య కూతురు ఇంగ్లండులో ఏదో యూనివర్సిటీ కాగితాలు పట్టుకొచ్చింది. ఇంగ్లీషు లిటరేచరు, మీడియా, క్రియేటివ్ రైటింగు మూడూ కలిపి మూడేళ్ళ కోర్సు. మా అన్నయ్య కళ్ళజోడు పైకి తోసుకుని చదివి, "కబుర్లు చెప్పడం నేర్చుకోడానికి ఇన్ని లక్షలా? మీ అత్త దగ్గర కూర్చో, ఊరికే నేర్పుతుంది" అన్నాడు. మా అన్నయ్యకి ఫ్రీమన్ ఎవరో తెలీదు. నూట ముప్ఫై ఏళ్ళ దూరాన, అక్షరం పొల్లు పోకుండా అదే అభ్యంతరం! ఆ పిల్ల మాత్రం తడుముకోలేదు. "అత్తకి ఎవరు నేర్పారు నాన్నా?" అంది. నాకు ఎవరూ నేర్పలేదు. బి.ఏ.లో నేను చదివిన కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యమంటే గైడు చూసి వ్యాసం బట్టీపట్టడం. కథ రాస్తానని చెప్తే, ముందు పరీక్ష రాయమ్మా అన్నారు.

ఆ మూడు సబ్జెక్టులూ కలవడం ఈ కాలపు వింత కాదని ఆ పిల్లకి చెప్పాను. కేంబ్రిడ్జి చరిత్ర చూడండి. అక్కడ ఇంగ్లీషు సాహిత్యానికి ప్రొఫెసరు పీఠం పెట్టడానికి డబ్బిచ్చింది ఎవరనుకున్నారు? హెరాల్డ్ హార్మ్స్‌వర్త్. అన్నతో కలిసి 'డెయిలీ మెయిల్' నడిపినవాడు, చవక పత్రికలమ్మి కోట్లు గడించినవాడు. రాజుగారి పేరున పీఠం, పేపరువాడి డబ్బు. మొదట ఒక గ్రీకు పండితుణ్ణి వేశారు. ఆయన ఏడాదికే పోయాడు. 1912లో వచ్చిన రెండో ప్రొఫెసరు క్విల్లర్-కూచ్. 'క్యూ' అనే ఒంటి అక్షరంతో నవలలూ కథలూ రాసి పేరు తెచ్చుకున్నవాడు, పత్రికా రచయిత. ఆయన వచ్చీరాగానే ఇచ్చిన ఉపన్యాసాలు ఏ కవి గురించీ కాదు, ఎలా రాయాలి అనే దాని గురించి. 'రాసే కళ' అన్న అర్థం వచ్చే పేరుతో 1916లో పుస్తకమయ్యాయి. అంటే పత్రిక డబ్బూ, నవలాకారుడూ, రచన పాఠమూ మూడూ కలిస్తేనే కేంబ్రిడ్జిలో ఇంగ్లీషు పుట్టింది. 1917లో డిగ్రీ పరీక్ష వచ్చింది. యుద్ధానికి మగపిల్లలు పోయి, హాల్లో ఎక్కువమంది ఆడపిల్లలే కూర్చున్నా, ఆయన మాత్రం "పెద్దమనుషులారా" అని మగవాళ్ళనే సంబోధించేవాడని చెప్పుకుంటారు.

అలా సంబోధనలో లేని ఆడపిల్లలు ఏం చేశారు? ఒకావిడ సంగతి చెబుతాను. క్వీనీ రోత్, పెళ్ళయ్యాక క్యు.డి. లీవిస్. ఆవిడ కేంబ్రిడ్జిలో పరిశోధనకి ఎంచుకున్న విషయం మిల్టనూ కాదు, షెల్లీ కాదు. ఎక్కువ అమ్ముడుపోయే నవలలు! జనం ఏం చదువుతున్నారు, ఎందుకు చదువుతున్నారు, అద్దె లైబ్రరీల్లో ఏ పుస్తకాలు నలుగుతున్నాయి, పత్రికలు పాఠకుల రుచిని ఎలా మలుస్తున్నాయి. పేరున్న నవలా రచయితలకి ప్రశ్నలు పంపించి జవాబులు తెప్పించింది. 1932లో అది పుస్తకంగా వచ్చింది. మా రకం రచయితలంటే ఆవిడకి బొత్తిగా గౌరవం లేదు, చదువుతుంటే చెంపలు వేడెక్కుతాయి. తేలిక నవల చదవడం మత్తుమందుకి అలవాటు పడడం లాంటిదని ఆవిడ తీర్పు. అయినా ఆవిణ్ణి నేను క్షమించేశాను. ఎందుకంటే ఇలాంటి పుస్తకాలూ చదువుకి పనికొచ్చే విషయమేనని యూనివర్సిటీ గుమ్మంలోకి లాక్కొచ్చింది ఆవిడే. తిట్టడానికైనా సరే లోపలికి పిలిచింది. ఆవిడ భర్త ఎఫ్.ఆర్. లీవిస్ పెద్ద విమర్శకుడిగా వెలిగాడు. ఆయన తన మిత్రుడితో కలిసి 1933లో వేసిన పాఠ్యపుస్తకంలో పిల్లలచేత వ్యాపార ప్రకటనలు చదివించి, ఇందులో నిన్ను ఎక్కడ మోసం చేస్తున్నారో చెప్పమని అడిగాడు. భార్యకి మాత్రం కేంబ్రిడ్జి స్థిరమైన ఉద్యోగం ఇవ్వనేలేదు.

మీడియా చదువు వేరు అక్కడుంది. దాన్ని తిట్లలోంచి బయటికి తెచ్చినవాడు రిచర్డ్ హోగర్ట్. కార్మికుల పేటలో నాయనమ్మ, మేనత్తల దగ్గర పెరిగిన అనాథ. రాత్రిపూట పెద్దవాళ్ళకి ఇంగ్లీషు చెప్పే మేష్టరీతో మొదలయ్యాడు. కూలివాళ్ళు చదివే పత్రికలూ, ఆడవాళ్ళు చదివే వారపత్రికలూ, పాడుకునే పాటలూ తీసుకుని, కవిత్వాన్ని చదివినంత శ్రద్ధగా చదివి, 1957లో ఒక పుస్తకం రాశాడు. అందులో వాళ్ళ నాయనమ్మ వంటగది కూడా ఉంది. ఆయనే 1964లో బర్మింగ్‌హాం యూనివర్సిటీ ఇంగ్లీషు శాఖ పక్కన సంస్కృతి అధ్యయన కేంద్రం తెరిచాడు. మళ్ళీ డబ్బు పుస్తకాల వ్యాపారిదే, పెంగ్విన్ వారిది. ఆయన తర్వాత దాన్ని నడిపిన స్టూవర్ట్ హాల్ జమైకా దీవినుంచి వచ్చినవాడు. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీషు సాహిత్యమే చదివాడు. టీవీ వార్తని కట్టే చెయ్యి ఒకటి, దాన్ని చూసే కన్ను మరొకటి, రెండూ ఒకటే అర్థం చెప్పుకోనక్కర్లేదని ఆయన వివరించిన తీరు ఇవాళ ప్రపంచమంతా మీడియా క్లాసుల్లో పాఠం. మరోసారి బయటినుంచి వచ్చినవాడే పాఠాన్ని మార్చాడు.

ఇక మూడోది, రచన. అందరూ అడిగే మాట ఒకటుంది: రాయడం నేర్పితే వస్తుందా? వీణ నేర్పితే వస్తుందా, నాట్యం నేర్పితే వస్తుందా అని ఎవరూ అడగరేం? పైగా మన పూర్వులకి ఈ సందేహమే లేదు. కాశ్మీరులో పదకొండో శతాబ్దంలో క్షేమేంద్రుడు కవులు కాదలచినవారికోసం 'కవికంఠాభరణం' అని అభ్యాసగ్రంథం రాశాడు. ముందు అర్థం లేకపోయినా సరే ఛందస్సులో మాటలు నింపి చెయ్యి తిప్పుకోమంటాడు. అంతకు ముందే రాజశేఖరుడు 'కావ్యమీమాంస'లో కవి దినచర్య చెప్పాడు. ఒక జాము చదువు, ఒక జాము రచన, ఒక జాము కావ్యగోష్ఠి, ఒక జాము పొద్దుట రాసినదాన్ని మళ్ళీ పరీక్షించుకోవడం. ఆడవాళ్ళు కూడా కవులు కాగలరని తేటగా చెప్పాడు. భార్య అవంతిసుందరి అభిప్రాయాలు ఇలా ఉన్నాయని మధ్యమధ్యలో ఉదహరించాడు. పొద్దున్న రచన జామునిండా ఆడవాళ్ళకి ఇడ్లీపాత్ర ముందు నిలబడే పని ఉంటుందని మాత్రం ఆయన రాయలేదు. అది వేరే సంగతి.

అమెరికాలో అయొవా యూనివర్సిటీ 1922లోనే, పై డిగ్రీకి పరిశోధన గ్రంథం బదులు కథలో కవితలో ఇచ్చినా ఒప్పుకుంటామంది. 1936లో అక్కడ రచయితల వర్క్‌షాపు మొదలైంది. చుట్టూ మొక్కజొన్న చేలు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు సర్కారు ఖర్చుతో చదువుకుంటూ వచ్చి ఇందులో నిండిపోయారు. 1945లో ఒక రోజు దాని అధిపతి పాల్ ఎంగిల్ గదిలోకి ఒక అమ్మాయి వచ్చింది. జార్జియా రాష్ట్రపు పల్లెటూరి యాస. ఏం చెబుతోందో ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ అర్థం కాలేదు. చివరికి కాగితం ఇచ్చి రాయమన్నాడు. తన పేరు ఫ్లానరీ ఓ'కానర్ అనీ, తాను పత్రికా విలేఖరిని కాదనీ, వర్క్‌షాపులో చేర్చుకుంటారా అనీ రాసింది. ఆవిడ ఆ యూనివర్సిటీకి వచ్చింది జర్నలిజం చదవడానికి. మీడియా గది నుంచి నడిచి పక్క గదిలోకి వచ్చిందన్నమాట. రెండేళ్ళకి ఆరు కథలిచ్చి డిగ్రీ తీసుకుంది. క్లాసులో వెనక కూర్చునేదట, నోరు విప్పేది కాదట. ముప్ఫై తొమ్మిదేళ్ళకే పోయింది. ఆమె కథలు లేకుండా ఇవాళ అమెరికా కథల సంకలనం ఒక్కటి ఊహించడం కష్టం.

రాయడం ఆమెకి ఎంగిల్ నేర్పాడా? నేర్పలేదు. వినేవాళ్ళని పదిమందిని ఒక గదిలో కూర్చోబెట్టాడు, రెండేళ్ళు అన్నం దిగుల్లేకుండా చూశాడు. ఆ రెండూ మన ఇళ్ళల్లో రాసుకునే ఏ ఆడపిల్లకి అమరాయో చెప్పండి.

ఇంగ్లండులో ఈ కోర్సు మొదటిసారి పెట్టింది 1970లో, నారిచ్ ఊళ్ళో ఉన్న ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీ. పెట్టినవాళ్ళు ఇద్దరూ నవలాకారులే, మాల్కం బ్రాడ్‌బరీ, ఆంగస్ విల్సన్. మొదటి ఏడు ఎంతమంది చేరారు? ఒక్కడు. ఆ ఒక్కడూ ఇయన్ మెక్యూవన్. పదేళ్ళకి అక్కడ ఎం.ఏ. పుచ్చుకున్న కజువో ఇషిగురో జపానులో పుట్టి అయిదేళ్ళప్పుడు ఇంగ్లండు వచ్చిన పిల్లాడు. 2017లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంతా అయ్యాక, ఇప్పుడు అక్కడ ఏం జరుగుతోందో తెలుసా? తలుపులు మూస్తున్నారు. చదువైన పదిహేను నెలల్లో ఇంతమందికి మంచి ఉద్యోగమో పైచదువో దొరికి తీరాలని యూనివర్సిటీలకి కొలబద్దలు పెట్టారు. 2022లో షెఫీల్డ్ హాలం యూనివర్సిటీ ఇంగ్లీషు సాహిత్యం డిగ్రీని ఆపేస్తున్నానంది. బర్మింగ్‌హాం కేంద్రాన్నయితే 2002లోనే మూసేశారు. 2024 చివర్లో కాంటర్‌బరీ క్రైస్ట్ చర్చి యూనివర్సిటీ, మరుసటి ఏడాది నుంచి ఇంగ్లీషు సాహిత్యంలో కొత్త పిల్లల్ని చేర్చుకోమని చెప్పింది. చేరేవాళ్ళు లేరట. కాంటర్‌బరీ అంటే ఏ ఊరనుకున్నారు? ఛాసర్ యాత్రికులు కథలు చెప్పుకుంటూ బయల్దేరింది ఆ ఊరికే. నాటకకర్త మార్లో పుట్టిన ఊరూ అదే.

మన హైదరాబాదులో ఉస్మానియా యూనివర్సిటీ 1954లోనే జర్నలిజం శాఖ తెరిచింది. దాని గోడకి ఆనుకున్నట్టే 1958లో ఇంగ్లీషు బోధనకని ఒక కేంద్ర సంస్థ పెట్టారు. 2007లో అది ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ అయింది. అక్కడ ఇంగ్లీషు సాహిత్యమూ చెబుతారు, జర్నలిజమూ చెబుతారు. ఆఫ్రికా నుంచీ, మధ్య ఆసియా దేశాల నుంచీ కూడా పిల్లలు ఇంగ్లీషు నేర్చుకోవడానికి అక్కడికి వస్తుంటారు. సాయంత్రం క్లాసులయ్యాక తార్నాక సెంటర్లో ఇరానీ చాయ్ తాగుతూ, మన ఆటోవాళ్ళతో తాము కొత్తగా నేర్చిన ఇంగ్లీషులో బేరాలాడుతుంటారు. ఆటోవాడు తెలుగులో జవాబు చెబుతాడు. బేరం కుదురుతుంది.